ఎర్రకణాలు తయారుకాని బిడ్డకు జన్యుపరీక్ష: సూర్యారావుపేటలోని ఒక కేంద్రంపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో, పిల్లల ఆసుపత్రులూ స్కానింగ్ సెంటర్లూ కిక్కిరిసిన వీధుల్లో ఒకదానిలో నడుస్తున్న జన్యుపరీక్షల కేంద్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. రక్తం తీసుకోవడం, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇవ్వడం ఇక్కడ జరుగుతాయి. యంత్రాలూ విశ్లేషణా రాష్ట్రం బయట ఉన్న పెద్ద ల్యాబ్‌లో ఉంటాయి. మా చెల్లెలి కొడుకుకు పుట్టుకతో వచ్చిన రక్తహీనతకు కారణం తేల్చుకోవడానికి గుంటూరు నుంచి ఇక్కడికి వెళ్లాం. నేను జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి కాగితాలు చదివి అర్థం చెప్పే పని ఇంట్లోవాళ్లు నాకు అప్పగించారు. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. ఒక రిపోర్టు విషయంలో నాకున్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు గానీ, అదే పద్ధతిలో పనిచేసే కేంద్రాలు మరికొన్ని ఉన్నాయి. పేరు రాస్తే చదివినవారు ఆ ఒక్క గుమ్మాన్ని తప్పించుకుని పక్క గుమ్మం ఎక్కుతారు, అక్కడా అడగవలసిన ప్రశ్నలు ఇవే. మొత్తం మీద ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్నాను. కౌన్సెలింగ్‌కు విడిగా ఇచ్చే వీలుంటే ఐదూ ఇచ్చేదాన్ని. మొదటి రిపోర్టుకు ఒకటి ఇవ్వడానికి కూడా మనసొప్పదు.

పరీక్ష దాకా ఎలా వచ్చామో చెబితేనే మిగతాది అర్థమవుతుంది. బాబు రెండు మూడు నెలల వయసులోనే పాలిపోయాడు, పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి వదిలేసేవాడు. గుంటూరు కొత్తపేటలో చూపిస్తే ముందు ఐరన్ చుక్కలు ఇచ్చారు, ఆ తర్వాత తలసేమియా అనుమానంతో పరీక్ష చేయించారు. పాలిపోయిన పసిబిడ్డను చూసిన ఏ డాక్టరైనా దాదాపు ఆ వరసలోనే వెళ్తారు, అందులో తప్పుపట్టవలసింది లేదు. తలసేమియా కాదని తేలాక రక్తవ్యాధుల నిపుణుడు అదే రక్తపరీక్ష కాగితాన్ని మరో చూపుతో చూశారు: తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు సరిగ్గానే ఉన్నాయి, ఎర్రకణాలు మాత్రం బాగా తక్కువ, ఉన్నవి కూడా ఆ వయసుకు ఉండవలసినదానికంటే పెద్దవి, కొత్తగా పుట్టిన ఎర్రకణాలు, అంటే రెటిక్యులోసైట్లు, దాదాపు లేవు. ఎముక మజ్జ పరీక్షలో మిగతా కణాలన్నీ ఎదుగుతూ కనిపించాయి, ఎర్రకణాలుగా మారవలసిన వరస ఒక్కటే ఖాళీగా ఉంది. కొన్నాళ్లపాటు ఎర్రకణాల తయారీని ఆపేసే పార్వోవైరస్ కూడా కాదని తేలింది. అప్పుడాయన చీటీ మీద ‘డైమండ్–బ్లాక్‌ఫాన్ అనీమియా’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, జన్యుపరీక్ష చేయించుకు రమ్మన్నారు.

ఈ వ్యాధిని 1938లో అమెరికాలో లూయీ డైమండ్, కెనెత్ బ్లాక్‌ఫాన్ అనే పిల్లల వైద్యులు వర్ణించారు. పది లక్షల మంది పిల్లలు పుడితే ఐదు నుంచి ఏడుగురికి వస్తుందని లెక్క. ఆరు దశాబ్దాల పాటు పేరు ఉంది గానీ కారణం లేదు. 1999లో ఆర్‌పీఎస్19 అనే జన్యువులో లోపం దొరికినప్పుడు రక్తవ్యాధుల నిపుణులు ఆశ్చర్యపోవడానికి కారణం, అది హిమోగ్లోబిన్‌కు గానీ ఐరన్‌కు గానీ సంబంధించిన జన్యువు కాకపోవడమే. అది రైబోజోమ్‌లో ఒక ప్రోటీన్‌కు చెందిన జన్యువు. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లను తయారుచేసే యంత్రం, అది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. ఈ వ్యాధిగ్రస్తుల్లో దాదాపు నాలుగోవంతు మందిలో లోపం ఆ ఒక్క జన్యువులోనే ఉంటుంది. మిగతావారిలో చాలామందికి ఇతర రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువుల్లో ఉంటుంది, అలాంటివి ఇప్పటికి ఇరవైకి పైగా గుర్తించారు. అందుకే ఒక్కొక్క జన్యువునూ విడివిడిగా వెతకకుండా అన్నింటినీ ఒకేసారి చదివే పరీక్షకు మమ్మల్ని పంపారు.

కేంద్రం ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. లిఫ్టు ఉంది, కూర్చునే హాలు శుభ్రంగా ఉంది, కానీ పసిబిడ్డలను తీసుకొచ్చే చోట తల్లి పాలివ్వడానికి ఒక మరుగు గది లేకపోవడం క్షమించరానిది. వీధిలో కారు నిలపడానికి చోటు ఉండదు, ఆటోలో రావడమే మేలు. హాలు గోడ మీద రైబోజోమ్ రంగుల బొమ్మ ఒకటి పెద్దదిగా తగిలించి, రెండు భాగాల మీద 30ఎస్, 50ఎస్ అని రాశారు. అవి బ్యాక్టీరియా రైబోజోమ్ భాగాలు. మనిషివి 40ఎస్, 60ఎస్. 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ తెచ్చిపెట్టినవి కూడా ఆ సూక్ష్మజీవుల రైబోజోమ్ నిర్మాణాలే కాబట్టి బొమ్మ వేసినవారు అక్కడి నుంచి ఎత్తి ఉంటారు. మనుషుల రైబోజోమ్ లోపాలకు పరీక్షలు చేసే చోట గోడ మీద మనిషి రైబోజోమ్ ఉంటే బాగుంటుంది. పాఠం చెప్పే అలవాటు కొద్దీ రిసెప్షన్‌లో ఈ మాట చెప్పాను, రాసుకున్నారు.

రక్తం తీసిన టెక్నీషియన్ పనితనం మెచ్చుకోదగినది. ఆమె బాబు చెయ్యి వెచ్చని గుడ్డతో కాసేపు కాచి, “అమ్మా, మోచెయ్యి కదలకుండా మీరు పట్టుకోండి, ముంజేతి దగ్గర నేను చూసుకుంటాను” అని మా చెల్లెలితో చెప్పి, ఒక్క పోటుతోనే ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి రక్తం పట్టింది. పేరు, పుట్టిన తేదీ గొట్టం మీద అంటించాక ఆ చీటీని తల్లి చేత పైకి చదివించింది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఒకేసారి నలుగురు పిల్లల గొట్టాలు ఒకే ట్రేలో ఉండే చోట ఇదే అసలు జాగ్రత్త. మరో మంచి పని కూడా ఇక్కడే జరిగింది. డాక్టరు చీటీలో ఎర్రకణాల్లోని అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ కొలత కూడా ఉంది, ఈ వ్యాధి ఉన్న చాలామందిలో అది ఎక్కువగా ఉంటుంది. చివరిసారి రక్తం ఎప్పుడు ఎక్కించారని అడిగి, ఇటీవలే అని చెప్పగానే ఆ పరీక్ష తీసుకోవడానికి ఒప్పుకోలేదు. బాబు ఒంట్లో ఇప్పుడున్న ఎర్రకణాల్లో ఎక్కువ భాగం దాతవి, కొలిస్తే దాత ఎంజైమే కొలిచినట్టవుతుందని చెప్పి, ఆ పరీక్ష డబ్బులు బిల్లులోంచి తీసేశారు. వచ్చిన బేరాన్ని కాదనుకునే ల్యాబులు ఎన్ని ఉంటాయి? రక్తం ఎక్కించకముందే ఆ నమూనా తీసి ఉంచితే బాగుండేదన్నది ఇలాంటి అనుమానం ఉన్న తల్లిదండ్రులందరూ గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇక కౌన్సెలింగ్. తలుపు వేసి, ఫోను పక్కన పెట్టి, గంటకు పైగా మాతో కూర్చున్న కౌన్సెలర్ వల్లనే ఈ కేంద్రం మీద నాకు గౌరవం కలిగింది. ఆ అమ్మాయి ముందుగా మూడు తరాల వంశవృక్షం గీసింది: ఎవరికైనా చిన్నతనంలో రక్తం ఎక్కించారా, గ్రహణమొర్రితో పుట్టినవారున్నారా, మరీ పొట్టిగా ఉండిపోయినవారున్నారా, గర్భాలు నిలవలేదా, తక్కువ వయసులో పేగు క్యాన్సర్ వచ్చినవారున్నారా, మేనరికం ఉందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. తర్వాత బాబు బొటనవేళ్లను నెమ్మదిగా వంచి చూసింది. బొటనవేలికి రెండే ఎముకలుండాలి, ఈ వ్యాధి ఉన్న కొందరు పిల్లల్లో మూడు ఉండి అది కూడా మిగతా వేళ్లలా సన్నగా పొడవుగా కనిపిస్తుంది. అంగిలి చూసింది, గుండె స్కాన్ కాగితం చూసింది. మావాడిలో అలాంటి తేడాలేవీ లేవు. సుమారు సగంమంది పిల్లల్లో ఇవేవీ ఉండవు కాబట్టి అవి లేనంత మాత్రాన అనుమానం తీరిపోదని కూడా ఆమే చెప్పింది.

మా మరిది మోటారు విడిభాగాల షాపు నడుపుతాడు. జన్యువులు, కణాలు అన్నీ విని అతను అడిగిన ప్రశ్న నేను క్లాసులో ఎవరి నోటా వినలేదు: “ఒంట్లో అన్నిచోట్లా ఆ రైబోజోములే పనిచేస్తున్నాయంటున్నారు కదమ్మా, మరి కాళ్లూ చేతులూ కళ్లూ అన్నీ బాగుండి రక్తం ఒక్కటే ఎందుకు ఆగిపోయింది?” ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలే ఇన్నేళ్లుగా జవాబు కూడబెడుతున్నారు. కౌన్సెలర్ దాన్ని దాటవేయలేదు. కాగితం తీసుకుని, కణం మధ్యలో కేంద్రకం, దానిలో కేంద్రకాంశం గీసి, రైబోజోమ్ తయారీ అక్కడ మొదలవుతుందని చెప్పింది. మనిషి రైబోజోమ్‌లో నాలుగు ఆర్‌ఎన్‌ఏ గొలుసులూ సుమారు ఎనభై ప్రోటీన్లూ ఉంటాయి. వాటిని కోసి, మడిచి, జతచేసి, కేంద్రకం బయటికి పంపడానికి రెండు వందలకు పైగా సహాయక ప్రోటీన్లు పనిచేస్తాయి. వేగంగా పెరిగే కణంలో నిమిషానికి కొన్ని వేల రైబోజోమ్ భాగాలు తయారవుతాయి. ప్రతి ప్రోటీన్ జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడితే ఆ ప్రోటీన్ సగానికి పడిపోతుంది, దానితోపాటు ఆ భాగం తయారీ కూడా కుంటుపడుతుంది. “ఇంట్లో నలుగురి వంటకు నాలుగు పొయ్యిల్లో రెండు వెలగకపోయినా గడిచిపోతుంది సార్, అదే పెళ్లి వంటశాలలో సగం పొయ్యిలు ఆగిపోతే పంక్తి లేవదు” అని ఆమె అంది. పెద్దవాళ్ల మజ్జ సెకనుకు సుమారు ఇరవై లక్షల ఎర్రకణాలను తయారుచేస్తుంది, ఒక్కో కణం నిండా హిమోగ్లోబిన్ కూర్చాలి. ఆ స్థాయి గిరాకీ తట్టుకోలేక ముందు చతికిలపడేది ఎర్రకణాల వరస.

అక్కడితో ఆపి ఉంటే అది అందరూ చెప్పే జవాబే అయ్యేది, ఆమె ఇంకా లోపలికి వెళ్లింది. రైబోజోమ్ పూర్తికాకపోవడం వల్ల ప్రోటీన్లు తగ్గడం ఒక్కటే నష్టం కాదు. కూర్పు సరిగా సాగనప్పుడు ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 అనే రెండు ప్రోటీన్లు ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏతో కలిసి, తమ చోట కుదురుకోకుండా, ఎండీఎం2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. మామూలుగా ఎండీఎం2 చేసే పని పీ53 అనే మరో ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు నాశనం చేయించి అదుపులో ఉంచడం. ఆ కాపలా తప్పగానే పీ53 పోగుపడుతుంది, కణ విభజనను ఆపేస్తుంది, చివరికి కణాన్నే చంపేస్తుంది. క్యాన్సర్ నుంచి మనల్ని కాపాడేదిగా నేను ప్రతి ఏడూ పిల్లలకు చెప్పే పీ53 ఇక్కడ పసిబిడ్డ మజ్జలో ఎర్రకణాల మొలకలను తుడిచిపెడుతుందన్నమాట. దీనికి తోడు, రైబోజోములు కరువైనప్పుడు అన్ని ప్రోటీన్లూ ఒకే నిష్పత్తిలో తగ్గవు. ఎర్రకణంగా మారమని ఆజ్ఞాపించే గాటా1 అనే ప్రోటీన్ తయారీ మరింతగా దెబ్బతింటుంది. ఈ మాటకు గట్టి ఆధారం 2012లో దొరికింది: రైబోజోమ్ జన్యువులన్నీ సవ్యంగా ఉండి, గాటా1 జన్యువులోనే లోపమున్న పిల్లలకు కూడా ఇలాంటి రక్తహీనతే కనిపించింది. పైగా హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన గ్లోబిన్ ప్రోటీన్ ఆలస్యమై, ఐరన్ ఉండే మరో భాగం హీమ్ ముందే తయారైపోతే, జత దొరకని హీమ్ కణానికి విషంగా మారుతుంది. ఇవన్నీ ఆమె అచ్చమైన తెలుగులో, గీసిన బొమ్మను మాటిమాటికీ చూపిస్తూ చెప్పింది, ఆ కాగితాన్ని మా మరిది మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంత మంచి సంభాషణ జరిగిన చోటి నుంచే మాకు వచ్చిన మొదటి రిపోర్టు ఎలా ఉందో ఇప్పుడు చెప్పాలి. చెప్పిన గడువు దాటి చాలా రోజులకు ఫోన్ యాప్‌లో వచ్చింది. మొదటి పేజీలో ఆకుపచ్చ గడిలో లావు అక్షరాలతో ‘వ్యాధికారక మార్పులేవీ కనబడలేదు’ అనే అర్థంలో ఒక వాక్యం. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. మా చెల్లెలి అత్తగారు గుళ్లో కొబ్బరికాయ కొట్టించారు. “నెగెటివ్ వచ్చిందిగా, ఇక రక్తం ఎక్కించడం ఎందుకు, ఆకుకూరలూ బీట్‌రూటూ పెడితే సరిపోతుంది” అని ఇద్దరు ముగ్గురు బంధువులు సలహా ఇచ్చారు. చివరి పేజీలో, కంటికి ఆనని అక్షరాలతో రాసిన పరిమితుల జాబితాలో మాత్రం ఒక వాక్యం ఉంది: ఈ పరీక్ష జన్యువుల్లోని పెద్ద లోపింపులను, అంటే జన్యువు మొత్తంగానో చాలా భాగంగానో తెగిపోవడాన్ని, పరిశీలించలేదని.

డైమండ్–బ్లాక్‌ఫాన్ విషయంలో ఆ వాక్యం చివరి పేజీలో ఉండవలసినది కాదు. ఈ వ్యాధి ఉన్నవారిలో సుమారు 15 నుంచి 20 శాతం మందికి కారణం అలాంటి పెద్ద లోపింపే. ఈ పరీక్ష జన్యువును అక్షరం అక్షరంగా చదువుతుంది. రెండు ప్రతుల్లో ఒకటి పూర్తిగా లేకపోతే, మిగిలిన ప్రతిలోని అక్షరాలన్నీ తప్పులేకుండా కనిపిస్తాయి, యంత్రం చూపులో అంతా సవ్యమే. లేనిదాన్ని పట్టుకోవాలంటే ఆ అక్షరాలు ఎన్నిసార్లు చదవబడ్డాయో లెక్కపెట్టాలి, లేదా ప్రతుల సంఖ్యను కొలిచే ఎంఎల్‌పీఏ వంటి పరీక్ష విడిగా చేయాలి. ఏ వ్యాధి అనుమానంతో నమూనా పంపారో డాక్టరు చీటీలో స్పష్టంగా ఉన్నప్పుడు, ఆ వ్యాధిలో ఐదారుగురిలో ఒకరికి ఉండే లోపాన్ని చూడకుండానే ఆకుపచ్చ గడిలో ధైర్యవచనం అచ్చువేయడం నా దృష్టిలో పొరపాటు కంటే ఎక్కువ. ఐరన్ మాత్రలు మార్చి చూద్దామనుకునే ఇల్లయి ఉంటే ఆ గడి ఆ బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేది.

మేం ఫిర్యాదు చేయకముందే కౌన్సెలర్ ఫోన్ చేసింది. రిపోర్టు తనకు తృప్తిగా లేదని, మజ్జ పరీక్ష ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఏమీ దొరకలేదంటే వెతికిన తీరు చూడాలని, ఉన్న సమాచారాన్నే తిరిగి విశ్లేషించమని పెద్ద ల్యాబ్‌కు రాశానని చెప్పింది. ఆ పునర్విశ్లేషణకు డబ్బు తీసుకోలేదు. ఫలితం వచ్చాక పిలిచి, కంప్యూటర్ తెర మీద ఒక గ్రాఫ్ చూపించింది. 19వ క్రోమోజోమ్ వెంబడి చుక్కలన్నీ ఒకటి అనే గీత మీద కొద్దిగా అటూ ఇటూ ఊగుతూ సాగి, ఆర్‌పీఎస్19 ఉన్నచోట ఒక్కసారిగా సగానికి దిగి, అది దాటగానే మళ్లీ పైకి ఎక్కాయి. చూడగానే మా చెల్లెలు “ఇక్కడే పోయిందా?” అని వేలు పెట్టి అడిగింది. ఆ తర్వాత ఎంఎల్‌పీఏతో రూఢి చేసుకోవడానికి వేరే బిల్లు కట్టాం. అది మేం కట్టవలసినది కాదని నా అభిప్రాయం, వారూ పూర్తిగా కాదనలేదు గానీ ‘పెద్ద ల్యాబ్ నియమం’ అన్నారు. ఈ బిల్లు గురించి మాట్లాడినంతసేపూ రిసెప్షన్‌లో ఎవరూ మా కళ్లలోకి చూడలేదు.

ఇదే కేంద్రం ఇచ్చే కరపత్రంలో ‘రైబోజోమ్ లోపాల ప్యానెల్’ పేరుతో ఒక పట్టిక ఉంది. జీవశాస్త్రం చెప్పేవారికి అది కనుల పండుగ. ముఖం ఎముకలు సరిగా ఏర్పడని ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్, క్లోమం ఎంజైములు తగ్గి తెల్లకణాలు పడిపోయే ష్వాక్‌మన్–డైమండ్ సిండ్రోమ్, పొట్టి ఎముకలూ పలచని జుట్టూ ఉండే కార్టిలేజ్–హెయిర్ హైపోప్లాసియా, గోళ్లూ చర్మమూ మజ్జా దెబ్బతినే డిస్కెరటోసిస్ కంజెనిటా: ఒకదానికొకటి పోలిక లేని ఈ వ్యాధులన్నింటి మూలాలూ రైబోజోమ్ తయారయ్యే దారిలో ఎక్కడో ఒకచోట తగులుతాయి. ట్రీచర్ కాలిన్స్‌లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ రాతే మందగించి, పిండదశలో ముఖాన్ని నిర్మించవలసిన కణాలు పీ53 చేతిలోనే చనిపోతాయి. ఎలుకల్లో పీ53ని అడ్డుకుంటే ముఖం లోపాలు రాలేదని 2008లో చూపించారు. మా బాబు మజ్జలో జరిగిందీ ఆ పిండం ముఖంలో జరిగిందీ ఒకే కథ కావడం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

అయితే తల్లిదండ్రుల చేతికిచ్చే కాగితంగా ఆ కరపత్రం పనికిరాదు. ష్వాక్‌మన్–డైమండ్‌కు కారణమైన ఎస్‌బీడీఎస్ జన్యువును 2003లో గుర్తించారు. దానికి క్రోమోజోమ్ మీద దగ్గర్లోనే పనిచేయని నకలు జన్యువు ఒకటి ఉంది, రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. చిన్న ముక్కలుగా చదివే ఈ పరీక్ష ఏ ముక్క అసలుదో, ఏది నకలుదో తడబడే అవకాశం ఉంది, పైగా రోగుల్లో సాధారణంగా కనిపించే మార్పులు ఆ నకలు నుంచి అసలులోకి చేరినవే. దీనికి వారు ఏం జాగ్రత్త తీసుకుంటారో కరపత్రంలో ఒక్క ముక్క లేదు, అడిగితే కౌన్సెలర్ చెప్పింది: అనుమానం ఉన్న పిల్లలకు ఆ జన్యువును విడిగా, వేరే పద్ధతిలో చదివిస్తారట. ఇక 5క్యూ మైనస్ సిండ్రోమ్‌ను కూడా అదే పట్టికలో చేర్చడం మరీ గందరగోళం. అది పుట్టుకతో వచ్చేది కాదు. పెద్దవయసులో మజ్జ కణాల్లో ఐదో క్రోమోజోమ్ ముక్క ఒకటి ఊడిపోయి వస్తుంది. ఆ ముక్కలో ఉన్న ఆర్‌పీఎస్14 అనే రైబోజోమ్ ప్రోటీన్ జన్యువు సగానికి తగ్గడమే రక్తహీనతకు కారణమని 2008లో తేలింది, కనుక శాస్త్రం ప్రకారం చుట్టరికం నిజమే. కానీ దానికి చేయవలసింది మజ్జ కణాల క్రోమోజోమ్ పరీక్ష, వాడే మందు లెనలిడోమైడ్. పసిబిడ్డల ప్యానెల్ కరపత్రంలో అది చూసి, ఇంట్లో రక్తహీనత ఉన్న తాతగారికి కూడా ఇదే పరీక్ష చేయించాలేమోనని మా మరిది కంగారుపడ్డాడు.

ఫలితం వచ్చాక జరిగిన రెండో కౌన్సెలింగ్ మొదటిదాని కంటే విలువైనది. ఈ వ్యాధిలో సుమారు సగం మందికి లోపం కొత్తగా పుడుతుంది, మిగతావారికి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. వచ్చినా ఆ తల్లిదండ్రుల్లో కొందరికి తమకు లోపం ఉన్నట్టే తెలియదు, ఎర్రకణాలు కాస్త పెద్దవిగా ఉండటమో, అడినోసిన్ డీఅమినేజ్ ఎంజైమ్ ఎక్కువగా ఉండటమో తప్ప. మా చెల్లెలికీ మరిదికీ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ లేదు. అయినా మరో బిడ్డకు ముప్పు సున్నా అని ఆమె అనలేదు, జననకణాల్లో కొన్నింటిలో మాత్రమే లోపం దాగి ఉండే అవకాశం ఉంటుందని చెప్పి, అవసరమైతే గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసి చూడవచ్చని వివరించింది. గర్భస్థ పరీక్షల చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్ పత్రం గోడ మీద కనిపించేలా ఉందని కూడా ఇక్కడ రాయాలి.

బాబు అక్క విషయం ఆమే ఎత్తింది. ఈ వ్యాధిలో రక్తహీనతను పూర్తిగా నయంచేయగలిగేది మజ్జ మార్పిడి, దానికి దాతగా తోబుట్టువును ముందు చూస్తారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలైనా కణజాలం సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. సరిపోయినా సరే, ఆ తోబుట్టువులో ఇదే లోపం నిశ్శబ్దంగా ఉందేమో చూడకుండా మజ్జ తీసుకోకూడదు, లేకపోతే జబ్బున్న మజ్జ తీసి జబ్బున్న మజ్జ పెట్టినట్టవుతుంది. పాప ఆరోగ్యంగా బడికి వెళ్తోంది కదా అని మేమెవరం ఆ దిక్కుగా ఆలోచించలేదు. పాపలో లోపం లేదని తేలింది, కణజాలం జత కుదురుతుందో లేదో చూసే పని ఇంకా మొదలుపెట్టలేదు.

మందుల సంగతి డాక్టరు గారిదే అంటూనే, ఏమేం అడగాలో రాసిచ్చింది. ఈ పిల్లల్లో పదిమందిలో ఎనిమిదిమందికి మొదట్లో స్టెరాయిడ్ పనిచేస్తుంది, ఎదుగుదల దెబ్బతినకుండా సాధారణంగా ఏడాది నిండాకే మొదలుపెడతారు. మొత్తం మీద ఐదుగురిలో ఒకరికి పెద్దయ్యేసరికి మందులూ రక్తమూ రెండూ లేకుండా గడిచే రోజు వస్తుంది. దాదాపు ఇద్దరు రక్తం మీదే ఆధారపడతారు. ఎక్కించిన ప్రతి సంచీతోనూ ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మందు అవసరమవుతుంది. ఆ మందుల్లో డెఫెరిప్రోన్ తెల్లకణాలను పడగొట్టే ప్రమాదం ఈ వ్యాధిలో ఎక్కువ కనుక డాక్టరుతో ఆ మాట తప్పక మాట్లాడమంది. రక్తహీనత బిడ్డకు ఐరన్ టానిక్ పట్టించే మన అలవాటు ఈ పిల్లల విషయంలో ఎంత ప్రమాదమో మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆమే. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పొడి గురించి మా మరిది ఇంటర్నెట్‌లో చూసి అడిగితే, దాని మీద జరిగిన పరిశోధనలో కొద్దిమందిలోనే రక్తం అవసరం తగ్గిందని, సొంతంగా కొని పెట్టవద్దని చెప్పింది. క్యాన్సర్ ముప్పు మామూలు జనం కంటే ఎక్కువని, మజ్జ, పెద్దపేగు, ఎముకల విషయంలో పెద్దయ్యాక కూడా చూపించుకుంటూ ఉండాలని చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గించింది గానీ మాట దాచలేదు. బాబు ఇప్పుడు తక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద ఉన్నాడు, ఒకసారి రక్తం ఎక్కించాక మళ్లీ ఎక్కించడానికి మధ్య వ్యవధి బాగా పెరిగింది.

ఖర్చు విషయానికొస్తే, మొదటి పరీక్ష ఇరవై వేలు దాటింది, రూఢి చేసే పరీక్షా తల్లిదండ్రుల పరీక్షలూ కలిపితే మరికొంత. కౌన్సెలింగ్‌కు విడిగా తీసుకోలేదు. ఇక్కడికి వెళ్లేవారు డబ్బు కట్టకముందే కౌంటర్‌లో రెండు ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలని నా సలహా: జన్యువు ప్రతుల లెక్క ఈ ధరలో కలిసి ఉందా, ఏమీ దొరకకపోతే తిరిగి విశ్లేషణ ఉచితమా. రక్తం ఎక్కించిన తేదీలు, మజ్జ పరీక్ష రిపోర్టు, గుండె స్కాన్ వెంట తీసుకెళ్లాలి. వీలైతే ఇంట్లో నిర్ణయాలు తీసుకునే పెద్దవారిని కూడా ఆ గదిలో కూర్చోబెట్టాలి. మా చెల్లెలి అత్తగారు రెండోసారి వచ్చి అన్నీ విన్నాక బీట్‌రూట్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక్క పని మాత్రం ఇప్పటికీ పెండింగ్‌లో ఉంది. యాప్ తెరిస్తే బాబు పేరు కింద రెండు రిపోర్టులూ పక్కపక్కనే ఉన్నాయి, పాతదాని మీద రద్దయినట్టు ఎక్కడా లేదు, ఆకుపచ్చ గడి అలాగే ఉంది. రాత్రివేళ అత్యవసరంగా ఏ ఆసుపత్రికో వెళ్తే అక్కడి డాక్టరు ముందు ఏది తెరుస్తారో చెప్పలేం. రెండుసార్లు మెయిల్ పెడితే ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు వచ్చింది. ఆ పాత రిపోర్టును తొలగించిన రోజు నాలుగో స్టారు కలుపుతాను.